అమ్మా, బిడ్డ తల గురించి

అమ్మా,

మొన్న ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే నాకు మాట పెగల్లేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. నాన్నని చదివి వినిపించమను, ఇద్దరికీ ఒకేసారి తెలుస్తుంది.

నేను బాగున్నాను. ఆఫీసు పని మామూలే, వచ్చే నెల నుంచి సెలవు. ఆయన ప్రతి స్కానింగ్‌కీ వస్తున్నారు.

32 వారాలకి బిడ్డ బరువు సుమారు 1,700 గ్రాములు. సరిపోయిందన్నారు. తల చుట్టుకొలత మాత్రం 28 సెంటీమీటర్లు, ఈ వారాలకి మామూలుగా 29 దాటుతుందట. నువ్వు ఆ ఒక్క ముక్కే పట్టుకుని "సరిగ్గా తినవు, ఆఫీసు మానవు" అన్నావు. ఆ మాట ఇంకెప్పుడూ అనకమ్మా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు డాక్టర్నే అడిగేశాను. మాయ నుంచి అందేది చాలకపోతే ముందు బిడ్డ పొట్ట కొలత తగ్గుతుందట, ఉన్న రక్తాన్ని మెదడుకి మళ్ళించుకుని తలని చివరిదాకా కాపాడుకుంటుందట. మన బిడ్డకి పొట్ట బాగుంది, తొడ ఎముక పొడుగూ బాగుంది. తల ఒక్కటే వెనకబడింది. అది బిడ్డ గుండెలో ఉన్న లోపం వల్ల వచ్చింది, నా వల్ల కాదు.

బిడ్డ గుండె నుంచి బయల్దేరే రెండు పెద్ద నాళాలు తారుమారయ్యాయని అన్నయ్య చెప్పే ఉంటాడు. కడుపులో ఊపిరితిత్తులకి పని లేదు కదా, ప్రాణవాయువున్న రక్తం మాయ నుంచి బొడ్డుతాడు దారిన వస్తుంది. మామూలు గుండెలో అందులో చాలా భాగం ఎడమవైపుకి చేరి, బృహద్ధమనిలోంచి, అంటే ఒంటికి రక్తం పంచే పెద్ద నాళంలోంచి, ముందు మెదడుకే పోతుంది. మన బిడ్డకి ఎడమవైపు నుంచి బయల్దేరేది ఊపిరితిత్తుల నాళం, దాన్నుంచి ఒక చిన్న నాళం కింది ఒంటి వైపు కలుస్తుంది. అందుకని ఆ మంచి రక్తం ఎక్కువగా కిందికి, ఒంటికి పోతోంది. ఒళ్ళంతా తిరిగొచ్చిన, ప్రాణవాయువు తగ్గిన రక్తం తలకి ఎక్కుతోంది. ఒళ్ళు పెరిగినంతగా తల పెరగకపోవడం అందుకే. నాన్న కోసం కాగితం వెనక బొమ్మ వేశాను.

ఎకోలో, అదే గుండె స్కాన్‌లో, ఆ రెండు పెద్ద నాళాలూ నేను చూశాను. ఒకదాన్నొకటి దాటుకుంటూ పోవాల్సినవి, పక్కపక్కనే తిన్నగా పోతున్నాయి. కింద గుండె మాత్రం నిమిషానికి 140 సార్లు కొట్టుకుంటోంది. డాక్టర్ ఇంకేదో చెబుతున్నారు, నేను దాన్నే చూస్తూ ఉండిపోయాను.

స్కానింగ్ గది బయట ఒకావిడ పరిచయమైంది. వాళ్ళ బిడ్డకి గుండె ఎడమ సగం పెరగలేదు. వాళ్ళకి బరువూ తక్కువే, తల ఇంకా తక్కువ. గుండెలో లోపం ఎక్కడుందో దాన్నిబట్టి పెరుగుదల తీరు మారుతుందట. ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను, ఏం మాట్లాడాలో తోచలేదు.

నాన్న కంట్లో చుక్కలు మానేశారట, అన్నయ్య చెప్పాడు. మానొద్దను.

ఒక్క కొలత చూసి బెంగపడకు. స్కాన్‌లో బరువు పది శాతం దాకా అటూ ఇటూ అవుతుంది. రెండు మూడు వారాలకోసారి కొలిచి పెరుగుదల గీత ఎటు పోతోందో చూస్తారు. నొప్పులు ముందే రాకపోతే 39 వారాలదాకా ఆగుదామంటున్నారు. చివరి వారాల్లో మెదడు ఎంతో పెరుగుతుంది, ఆపరేషన్‌కి బిడ్డ రెండున్నర కిలోలు దాటి ఉంటే మేలు. పుట్టగానే గుండె దగ్గరున్న ఆ చిన్న నాళం మూసుకుపోకుండా డ్రిప్‌లో మందు ఇస్తారు. ఆ తర్వాత రెండు వారాల్లోపే నాళాలు మార్చే ఆపరేషన్. 1975లో బ్రెజిల్‌లో అడిబ్ జటేనే అనే సర్జన్ మొదటిసారి ఇలా చేసి బిడ్డని బతికించారు. నాన్నకి ఇలాంటివి ఇష్టం కదా, చెప్పు.

భయం లేదని నీతో అబద్ధం ఆడలేను. పగలు బాగానే ఉంటాను. రాత్రి బిడ్డ కదలడం కాసేపు ఆగితే చెయ్యి పెట్టుకుని పడుకుంటాను, మళ్ళీ తన్నేదాకా కన్ను మూతపడదు.

ఇంకో మాట. నేను పుట్టినప్పుడు ఎంత బరువున్నానని డాక్టర్ అడిగారు. అమ్మానాన్నల తీరు కూడా చూస్తారట. ఆయన తల కొలత టేపు పెట్టి తీసుకున్నారు. నీ ట్రంకుపెట్టె అడుగున నా ఆసుపత్రి కాగితం ఉండాలి. వచ్చే స్కాన్ 35 వారాలకి. ఈలోగా వెతికి ఫోన్లో చెప్పు.

నీ అమ్మాయి