తెల్లన్నాన్ని ఆడిపోసుకోవద్దు

సంపాదక మహాశయులకు,

తెల్లన్నం మానేసి కొర్రలు, అండుకొర్రలు తినమని చెప్పేవారు ఒక్కసారి రేషన్ కార్డు ఉన్న ఇంటి వంటగది చూడాలి. 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చాక ఎన్నో ఇళ్లలో రెండు పూటలా పొయ్యి వెలిగింది. ఇప్పుడు తెలంగాణలో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. అది పక్కన పెట్టి చిరుధాన్యాలు కొనుక్కోమని ఆ ఇల్లాలికి చెప్పడం న్యాయమా?

మా అమ్మకు మధుమేహం ఉంది. అయినా అన్నం మానలేదు, తగ్గించింది. కంచంలో సగం తోటకూర పప్పు, ఒక ఉడికించిన గుడ్డు, పక్కన చారెడు అన్నం. మారు వడ్డించబోతే కంచానికి చెయ్యి అడ్డు పెడుతుంది.

బాగా పాలిష్ పట్టిన బియ్యంలో తవుడుతో పాటు పీచు, బి1 విటమిన్ పోతాయన్నది నిజమే. ఉప్పుడు బియ్యంలో ఆ విటమిన్ కొంత నిలుస్తుంది. కానీ పేదింట అసలు లోటు అన్నంలోకి కలుపుకునే దానిలోనే ఉంది. పచ్చడి మెతుకులతో పూట గడిపే కుటుంబాలకు చౌక దుకాణంలో బియ్యంతో పాటు కందిపప్పు, రాగులు కూడా ప్రతి నెలా తప్పకుండా అందించాలని ప్రభుత్వాలను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, వరంగల్