మ్యాపులో పేర్లు ఎక్కించేవాళ్లకు

అందరికీ నమస్కారం. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో (అందరూ కలిసి తయారుచేసే ఉచిత మ్యాపులో) మన తిరుపతి వీధులు చేరుస్తున్నవాళ్లు దయచేసి గూగుల్ మ్యాప్స్ చూసి పేర్లు ఎక్కించకండి. లైసెన్సు ఒప్పుకోదు, పైగా అక్కడి తప్పులు కూడా మనకు అంటుకుంటాయి. వీధిలోకి వెళ్లి బోర్డు ఫొటో తీసుకుని, అది చూసి రాయండి. తెలుగు పేరుకు వేరే ట్యాగు (వివరం రాసే గడి, name:te) ఉంది, అందులోనే పెట్టండి.

తిరుమల కొండెక్కే నడకదారుల దగ్గర మరీ జాగ్రత్త. అలిపిరి వేరు, శ్రీవారి మెట్టు వేరు. రెండోది శ్రీనివాస మంగాపురం వైపు. పిన్ను తప్పితే పిల్లాపాపలతో, బ్యాగులతో దిగినవాళ్లకు మళ్లీ ఆటో ఖర్చు. (మన ఆటో రేట్లు తెలిసిందేగా!)

ఇళ్లవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు వద్దు. అనుమానం ఉన్నచోట ఊహించి రాయకుండా మ్యాపు మీదే నోట్ పెట్టండి, ఆ వీధి తెలిసినవాళ్లు సరిచేస్తారు.