కార్డు మీద 2% ఎందుకు పట్టాను, ఇప్పుడు ఎందుకు తీసేశాను

మన కొట్లో బియ్యం తీసుకెళ్ళే అందరికీ నమస్కారం అండి. ఉగాది అయ్యాక కౌంటర్ పక్కన "కార్డుకి 2% ఎక్స్‌ట్రా" అని ఒక కాయితం అంటించాను కదా, మొన్న సోమవారం పీకేశాను.

ముందు నా తప్పు చెప్తాను. ఆ కాయితం పెట్టింది క్రెడిట్ కార్డుల కోసం. నేను లేనప్పుడు మా కుర్రాడు ఏ కార్డు ఇచ్చినా 2% కలిపి గీకేశాడు, వాణ్ణి అనడానికేం లేదు, కాయితం మీద క్రెడిట్ అని రాయనిది నేనే. డెబిట్ కార్డు గీకినప్పుడు బ్యాంకు కొట్టువాడి దగ్గర కోసుకునే చార్జీ కస్టమర్ మీద వెయ్యకూడదని రిజర్వ్ బ్యాంక్ 2017లోనే చెప్పింది. అలా పట్టిన ప్రతి రూపాయీ తిరిగి ఇచ్చేస్తాను.

కానీ రెండూ ఒకలాంటి ప్లాస్టిక్ ముక్కలే కదా తేడా ఏంటి అని చాలామంది అడిగారు. డెబిట్ కార్డు గీకితే మీ ఖాతాలో ఉన్న మీ డబ్బే నాకొస్తుంది. రూపే డెబిట్ అయితే 2020 జనవరి నుంచి నాకు చార్జీ సున్నా, యూపీఐ కూడా అంతే. మిగతా డెబిట్ కార్డులకి మన అమ్మకాల స్థాయి కొట్టుకి ఆ చార్జీ 0.9% దాటకూడదు. క్రెడిట్ కార్డు అలా కాదండీ, బ్యాంకు తన డబ్బు మీకు అప్పిస్తుంది, మీరు దాదాపు 45 రోజుల్లోపు వడ్డీ లేకుండా కడతారు, పైన పాయింట్లు వస్తాయి, ఎవరైనా ఎగ్గొడితే ఆ నష్టం ఉంటుంది, వీటన్నిటికీ చాలావరకు డబ్బు కోసుకునేది నా బిల్లులోంచే. ఆ చార్జీకి రిజర్వ్ బ్యాంక్ పెట్టిన పరిమితి ఏమీ లేదు.

మిషన్ పెట్టినప్పుడు వచ్చినతను క్రెడిట్‌కి 1.5% అన్నాడు, నేను నమ్మాను. ఒక రాత్రి కొట్టు కట్టేశాక స్టేట్‌మెంట్ తీసి లైను లైను చూస్తే 1.9% పడుతోంది, కొన్ని కార్డులకి ఇంకా ఎక్కువ, ఎప్పుడు పెంచారో ఒక్క మెసేజ్ లేదు. ఫోన్ చేస్తే టికెట్ రెయిజ్ చేశాం అంటారు, నాలుగుసార్లు అదే మాట. రెండు 26 కిలోల బస్తాలు 2,900 అనుకోండి, 1.9%, దానిమీద 18% జీఎస్టీ, కలిపి 65 రూపాయలు పోతాయి. ఆ రెండు బస్తాల మీద నాకు మిగిలేది 90. అందులోనే ముఠా కూలి, కరెంటు, కుర్రాడి జీతం. ఆ కోపంలో రాసిన కాయితం అది. తర్వాత అగ్రిమెంట్ చదివిస్తే క్రెడిట్ మీద కూడా అలా విడిగా పట్టకూడదని ఉంది, మొదట్లోనే చదవాల్సింది.

అందరికీ బస్తాకి 20 పెంచెయ్, గొడవ ఉండదు అన్నాడు మా బావమరిది. పది రోజులు దీనిమీదే నిద్ర పట్టలేదు. పొద్దున్నే నోట్లు లెక్కపెట్టి ఇచ్చి 5 కిలోలు పట్టుకెళ్ళే మనిషి ఇంకెవరి పాయింట్లకో డబ్బు ఎందుకు కట్టాలండీ? మనసొప్పలేదు. పెంచను.

అందుకని మిషన్‌లో క్రెడిట్ కార్డు ఆపించేశాను. డెబిట్, యూపీఐ, క్యాష్ మామూలే, రేటు ఒకటే. నెలాఖరుదాకా సర్దుబాటు కావాలంటే పాత పద్ధతిలో ఖాతా రాస్తాను, వడ్డీ లేదు, మా నాన్న హయాం నుంచీ రాస్తున్నదే. దీనివల్ల కొందరు సూపర్ మార్కెట్‌కి వెళ్తారని తెలుసు. అయినా ఇంతే.

డెబిట్ కార్డు మీద 2% కట్టినవాళ్ళు స్లిప్ లేకపోయినా పర్లేదు, తేదీ, ఎంత బిల్లో చెప్తే మిషన్ రిపోర్ట్‌లో చూసి అక్కడికక్కడే ఇస్తాను.

ఆ కాయితం ఫొటో తీసి అపార్ట్‌మెంట్ గ్రూపులో "దోపిడీ" అని పెట్టిన సార్, పదకొండేళ్ళుగా మన దగ్గరే కొంటున్నారు, నన్నొక్క మాట అడగాల్సిందండీ, చాలా బాధేసింది. మీరు ఇచ్చింది డెబిట్ కార్డే, చూశాను. మీ 58 రూపాయలు కవర్లో పెట్టి పేరు రాసి గల్లాపెట్టెలో ఉంచాను, ఎప్పుడొచ్చినా తీసుకోండి.