కుర్చీ మీద బట్టలు

నాన్నగారికి, అమ్మకి నమస్కారాలు.

మొన్న ఫోన్‌లో సగం చెప్పి సగం మింగేశానని మీరు కనిపెట్టేశారట, తమ్ముడు చెప్పాడు. అందుకే ఈ ఉత్తరం. ఉద్యోగం బాగానే ఉంది, జీతం టైముకే పడుతోంది. దాని గురించి అంతకు మించి రాయడానికి ఏం లేదు.

శనివారాల సంగతి రాయాలి. "ఫొటోలు తీసుకోవడానికా అంత దూరం వెళ్ళింది?" అంది కదా అమ్మ. నేను తీయడం కాదమ్మా, తీయించడం. ఇక్కడి భాష ఇంకా సరిగా రాని ఆడవాళ్ళు 11 మంది వస్తారు. చేతికి కెమెరా ఇచ్చి, మీ రోజులో మేం చూడాల్సింది ఏదో తీసుకురండి అంటాం. తర్వాత చుట్టూ కూర్చుని ఒక్కో ఫొటో మీద ఐదు ప్రశ్నలు. ఇక్కడ ఏం కనిపిస్తోంది? అసలు ఏం జరుగుతోంది? మన బతుకులకీ దీనికీ సంబంధమేంటి? ఇలా ఎందుకుంది? మనమేం చేయగలం? నాలుగో ప్రశ్నకి వచ్చేసరికి అందరూ ఒకేసారి అందుకుంటారు. వ్యాకరణం గాలికి పోతుంది. భాష మాత్రం వచ్చేస్తుంది నాన్నగారూ, మీరుంటే ముచ్చటపడేవారు.

ఇది కొత్త పిచ్చేమీ కాదు. 1973లో పెరూలోని లిమాలో, బ్రెజిల్ విద్యావేత్త పావ్లో ఫ్రెయిరీ ఆలోచనలతో చదువు చెప్పినవాళ్ళు జవాబులు ఫొటోల్లో అడిగారు. దోపిడీ అంటే ఏంటి అంటే ఒక పిల్లాడు గోడకి దిగ్గొట్టిన మేకు ఫొటో తెచ్చాడు. పెద్దవాళ్ళకి అర్థం కాలేదు. బూట్లు పాలిష్ చేసే పిల్లలు ఆ బరువు పెట్టె రోజూ ఇంటిదాకా మోయలేక, రాత్రికి తగిలించుకోవడానికి మేకు అద్దెకి తీసుకునేవాళ్ళట. మేకుకి అద్దె! 1990ల్లో చైనాలోని యున్నాన్‌లో 62 మంది పల్లె ఆడవాళ్ళకి కెమెరాలిచ్చారు. ఆ పనిలో ఉన్న కరొలైన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ దీన్నే ఫొటోవాయిస్ అన్నారు.

మా వాళ్ళలో ఆఫీసులు తుడిచే ఒకావిడ మూడు ఇటుకల ఫొటో తెచ్చింది. ఒకదాని మీద ఒకటి, పైన మడిచిన అట్టముక్క, దాని మధ్యలో కూర్చుని కూర్చుని పడిన గుంట. ఆ బస్టాపులో బెంచీ లేదు, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. ఇంకో ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరు పెట్టారో తెలీకుండా వాళ్ళూ రోజూ వాటి మీదే కూర్చుంటున్నారు. ఆ ఫొటో పెద్దది చేయించి సంబంధిత అధికారికి చూపించాం. చాలాసేపు చూసి, "చూద్దాం" అన్నాడు. బెంచీ ఇంకా రాలేదు.

ఒకసారి గొడవ కూడా అయింది. బస్సులో నోరు తెరుచుకుని నిద్రపోతున్న ఒక మనిషి ఫొటో వచ్చింది. ఎంత అలసటో ఆ ముఖంలో! గోడకి పెడదామని పట్టుబట్టింది నేనే. అడగకుండా తీసిన ముఖం పెట్టడానికి వీల్లేదని మిగతావాళ్ళు ఒప్పుకోలేదు. నేర్పడానికి వెళ్ళిన నాకే పాఠం చెప్పారు, తలొంచుకుని తీసేశాను.

నన్నూ ఒకటి తెమ్మన్నారు. నా గదిలో రెండో కుర్చీ తీశాను. వీడియో కాల్‌లో "ఆ బట్టలు మడత పెట్టవేం" అని నువ్వు తిట్టే కుర్చీయే అమ్మా. ఏం కనిపిస్తోంది అంటే బట్టలు అన్నాను. ఇలా ఎందుకుంది అనేసరికి గొంతు పట్టేసింది. బట్టలు తీసేస్తే అది ఖాళీ కుర్చీ అయిపోతుంది. అలాగని ఏడుస్తూ కూర్చున్నానని టెన్షన్ పడకండి. వేళకి తింటున్నాను, పడుకుంటున్నాను. ఫోన్‌లో మింగేసిన సగం ఇదే, అంతే.

నాన్నగారి కంటి పరీక్ష అయిందా? తమ్ముణ్ణి అడిగితే "అయిపోతుందిలే" అన్నాడు. వాడి "లే" సంగతి నాకు తెలీదా?

కుర్చీ ఫొటో దీంతోపాటే పెడుతున్నాను. మీరూ చెరొకటి తీసి పంపండి. గుమ్మంలో నిలబడి నవ్వేవి వద్దు. రోజులో ఎక్కువసేపు దేని వంక చూస్తూ కూర్చుంటారో అది తీయండి. అమ్మా, నాది మాత్రం పెద్దమ్మ వాళ్ళ గ్రూపులో పెట్టకు. పెట్టాలనిపిస్తే ముందు నన్నడుగు.

మీ
చిన్ని