పర్సెంటేజీ సంగతి అడిగావుగా

సూర్యాపేట,
ఆదివారం రాత్రి

చిన్నీ,

మొన్న ఫోన్‌లో నువ్వడిగినదానికి "తర్వాత చెప్తాలే" అని పెట్టేశాను. మీ సీనియర్ యాక్సిడెంట్ కేసుల్లో వచ్చిన డబ్బులో ముప్పై శాతం తీసుకుంటారట. "ఇరవై ఆరేళ్ళుగా ఇవే కేసులు చేస్తున్నావు, నువ్వెందుకు తీసుకోవమ్మా?" అన్నావు.

బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. గెలిచిన డబ్బులో వాటా మాట్లాడుకోకూడదని స్పష్టంగా ఉంది. ఆ సంగతి తెలియని వకీలు ఉండడు, పాటించేవాళ్ళే తక్కువ. కానీ రూలుకు భయపడి మానేశానంటే నీకు అబద్ధం చెప్పినట్టే. మొదట్లో నేనూ తీసుకున్నాను.

2006లో ఒక దర్జీ కేసు వచ్చింది. లారీ తగిలి కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు నుజ్జయ్యాయి. మెడికల్ బోర్డు ఇరవై శాతం వైకల్యమని రాసింది. లోక్ అదాలత్‌లో ఇన్సూరెన్సు వాళ్ళు 70 వేలన్నారు. నేనే ఆయన్ని ఒప్పించాను. జూన్ నెల, నీ స్కూల్ ఫీజు కట్టాలి. రాజీ అయితే నా వాటా వెంటనే చేతికొస్తుంది, కేసు నడిపితే మూడేళ్ళు పడుతుంది. పర్సెంటేజీ మనిషిని ఎటు లాగుతుందో అప్పుడు తెలియలేదు.

పది రోజులకు ఆయన ఆఫీసుకొచ్చి పెద్ద కత్తెర నా టేబుల్ మీద పెట్టాడు. వేళ్ళు దూర్చి మూయబోయాడు. సగం దాకా వచ్చి ఆగిపోయింది. "దీనికెంత శాతం రాశారు మేడం?" అన్నాడు. దెప్పిపొడుపు కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. లోక్ అదాలత్‌లో రాజీ మీద ఇచ్చిన తీర్పుకు అప్పీలుండదు. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు, ఒంట్లో ఎంత శాతం పోయిందో చూసి ఊరుకోకుండా సంపాదనలో ఎంత పోయిందో లెక్కగట్టమని చెప్పింది. అందరూ మంచి తీర్పన్నారు. నాకు మాత్రం ఆ కత్తెరే గుర్తొచ్చింది.

అప్పట్నుంచి ఫీజు ముందే మాట్లాడుకుంటున్నాను. లేనివాళ్ళను ఉచిత న్యాయసాయం ఇచ్చే లీగల్ సర్వీసెస్‌కు పంపిస్తాను. ఆడవాళ్ళకైతే ఆదాయంతో పనిలేకుండా అక్కడ ఉచితంగా లాయర్ని పెడతారు. మనకు కారు ఆలస్యంగా వచ్చింది, అంతే.

ఇంకొకటి. ఈ కేసులు ఆఫీసులో కూర్చుంటే తెలియవు, ఇంటికి వెళ్ళాలి. పోయినేడు ఒక పాడి రైతు కేసు వచ్చింది. 38 ఏళ్ళు, హైవే దాటుతూ పోయాడు. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. ఎంత సంపాదించేవాడంటే ఆమె "పన్నెండు వేలేమో" అంది. సుప్రీంకోర్టు ప్రణయ్ సేఠీ తీర్పు ప్రకారం, ముందుముందు పెరగబోయే సంపాదన కింద ఆ నెల ఆదాయానికి 40 శాతం కలిపి, సొంత ఖర్చుకు నాలుగో వంతు తీసేసి, ఏడాదికి చేసి, ఆ వయసుకు సరళా వర్మ తీర్పులో ఉన్న 15తో హెచ్చవేస్తే 22,68,000. ఇక లేద్దామనుకుంటుండగా ముసలామె దూలం సందులోంచి పాల కేంద్రం పుస్తకం తీసిచ్చింది. పొద్దున, సాయంత్రం లీటర్లు, వెన్న శాతం, పదిహేను రోజులకోసారి డబ్బులు, అన్నీ పెన్నుతో రాసి ఉన్నాయి. కూడితే నెలకు పదిహేను వేలు తేలింది. ఆ మూడు వేల తేడాకే లెక్క 28,35,000 అయింది.

అవతలి వకీలు ఊరుకుంటాడా? "గేదెలు బతికే ఉన్నాయిగా, పాలు ఇస్తున్నాయిగా" అన్నాడు. నేను రైతు భార్యను బోనులో ఒక్కటే అడిగాను, గేదెలేవమ్మా అని. "గడ్డి కోసేవాళ్ళు లేక మూడో నెలలోనే అమ్మేశాను సార్" అని జడ్జి గారితో చెప్పింది. జడ్జి గారు పాల పుస్తకాన్ని ఎగ్జిబిట్‌గా, అంటే సాక్ష్యంగా గుర్తించారు. పిల్లల వాటాలు బ్యాంకులో డిపాజిట్ చేయించాం. పెద్దాడు మేజరయ్యేదాకా ఎవరూ ముట్టుకోలేరు, వాళ్ళ మేనమామతో సహా.

ఇక "మళ్ళీ బార్ అసోసియేషన్ ఎలక్షన్ ఎందుకు, టెన్షన్ తప్ప ఏముంది" అన్నావు. నిజమే, మొదటిసారి కుర్చీ మోజుతోనే నిలబడ్డాను. పూలదండలు, ఫ్లెక్సీలు, అదో సరదా. పోయినసారి పదకొండు ఓట్లతో ఓడిపోయాను. ఎందుకంటే మార్చురీ దగ్గర దళారుల్ని ఆపుదామన్నాను. పోస్ట్‌మార్టం అవ్వకముందే ఖాళీ వకాలత్ మీద, అంటే కేసు లాయర్‌కు అప్పగించే కాగితం మీద, వేలిముద్రలు వేయించుకుంటున్నారు చిన్నీ. శవం ఇంకా లోపలే ఉంటుంది. ఆ దళారుల్ని పంపేది మన వకీళ్ళే, ఇక ఓట్లెలా పడతాయి?

ఓడినా ఒక పని జరిగింది. ఇద్దరు జూనియర్లు, ఒక పారా లీగల్ వాలంటీరు వంతులవారీగా అక్కడ కూర్చుంటున్నారు. ఎఫ్ఐఆర్ కాపీ, పోస్ట్‌మార్టం రిపోర్టు ఎలా తీసుకోవాలో, 2022 ఏప్రిల్ నుంచి క్లెయిముకు ఆరు నెలల గడువు వచ్చిందనీ, గుద్దిన బండి దొరక్కపోయినా చనిపోయినవాళ్ళ కుటుంబానికి 2 లక్షలు వస్తాయనీ చెప్తున్నారు. అక్కడ బల్ల కూడా లేదు, ఇంట్లోంచి నీ చదువుకునే బల్ల పంపాను. ఏమీ అనుకోకు.

మీ సీనియర్ దగ్గర పని నేర్చుకో, వాదనలో ఆయన గట్టివాడే. పర్సెంటేజీ కాగితం మీద మాత్రం నీ సంతకం పెట్టకు. పంతొమ్మిదేళ్ళ కింద నేను పెట్టలేదని చెప్పలేకపోతున్నాను.

నీ గౌను భుజాల దగ్గర వదులుగా ఉందన్నావుగా, వచ్చేటప్పుడు తీసుకురా. ఆ దర్జీ కొడుకు ఇప్పుడు కోర్టు రోడ్డులోనే కుడుతున్నాడు. కొలతలు మాత్రం తండ్రే తీస్తాడు, ఎడమచేత్తో.

అమ్మ