కుకీలను వద్దనే బటన్ కూడా ఎదుటే ఉండాలి

కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. మా అమ్మ రోజూ ఉదయం ఫోనులో ఒక తెలుగు వార్తల సైటు చదువుతుంది. పేజీ తెరవగానే సగం తెరను కప్పేస్తూ ఇంగ్లీషులో ఒక నోటీసు వస్తుంది. దాని కింద ‘అంగీకరిస్తున్నాను’ అనే రంగుల బటన్, పక్కనే కనిపించీ కనిపించనట్టు ‘సెట్టింగులు’ అన్న మాట. వార్త చదవాలంటే ఆ నోటీసు తొలగాలి గనుక ఆవిడ రంగుల బటనే నొక్కుతుంది. ఆ నొక్కడమే తన సమ్మతిగా లెక్కకు వస్తుందనీ, ఆ సైటుతో సంబంధమే లేని ప్రకటనల సంస్థల కుకీలు, అంటే మనల్ని గుర్తుంచుకోవడానికి బ్రౌజరులో దాచే చిన్న సమాచార ముక్కలు, ఫోనులో చేరి, తర్వాత వెళ్లే సైట్లలోనూ తనను గుర్తుపడతాయనీ ఆవిడకు ఎవరూ చెప్పలేదు. మోకాళ్ల నొప్పుల గురించి ఒకచోట చదివితే వారమంతా ఎక్కడ చూసినా నొప్పి నూనెలే ఎందుకు కనబడుతున్నాయని నన్ను అడిగింది.

లాగిన్‌ను, కొనుగోలు బుట్టను గుర్తుంచుకునే కుకీల మీద నాకు అభ్యంతరం లేదు. 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజరు సంస్థలో కుకీ పుట్టింది అలాంటి అవసరం కోసమే. మనిషి వెంట సైటు నుంచి సైటుకు నడిచే కుకీల గురించే ఈ లేఖ.

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023లోని 6వ సెక్షన్ సమ్మతి స్వేచ్ఛగా, స్పష్టంగా ఉండాలనీ, దాన్ని ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకోగలగాలనీ, సమ్మతి కోరే విన్నపాన్ని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా చదువుకునే వీలుండాలనీ చెబుతోంది. ఇది నిజంగా మంచి చట్టం. అయితే అందులో కుకీ అన్న మాటే లేదు. బటన్ల రంగు మాటున, సెట్టింగుల లోపలి పేజీల మాటున తప్పించుకునే వీలు అక్కడే మిగిలింది. అంగీకారానికి ఒక నొక్కు, నిరాకరణకు అనేక నొక్కులు పెట్టినందుకే ఫ్రాన్సు డేటా రక్షణ సంస్థ గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా వేసినట్టు 2022 జనవరిలో ప్రకటించింది.

పైగా మన ఇళ్లలో తల్లి ఫోనే పిల్లల ఫోను కూడా. 18 ఏళ్లలోపు వారి కదలికలను గమనించడాన్ని 9వ సెక్షన్ నిషేధించినా, ఉదయం తల్లి నొక్కిన బటన్ సాయంత్రం బిడ్డకూ వర్తించిపోతోంది.

అందుచేత, 2025 నవంబరులో ఈ చట్టం కింద వెలువడిన నియమాలలోని ప్రధాన బాధ్యతలకు ఇచ్చిన 18 నెలల గడువు ముగిసేలోగా, వెంటాడే కుకీలు ఈ చట్టం పరిధిలోకి వస్తాయని స్పష్టంగా ప్రకటించవలసిందిగా కోరుతున్నాను. ‘వద్దు’ అనే బటన్ ‘సరే’ అనే బటన్ పక్కనే, అదే పరిమాణంలో, తెలుగు సైటులో తెలుగులోనే ఉండాలనీ, ఏదీ నొక్కకపోతే వద్దన్నట్టుగానే భావించాలనీ ఆదేశించండి. ఆ పనిని ముందుగా ప్రభుత్వ వెబ్‌సైట్లలో మొదలుపెట్టండి.

భవదీయుడు,
ఒక తెలుగు పాఠకుడు