చెరువు చూడ్డానికి వచ్చేవాళ్లకూ, చూపించేవాళ్లకూ

సంపాదకులకు నమస్కారం.

సెలవులు దగ్గరపడేకొద్దీ ములుగు, వరంగల్ జిల్లాల్లోని లక్నవరం, రామప్ప, పాకాల చెరువుల బొమ్మలు మళ్లీ పత్రికల్లోకి వస్తున్నాయి. వేలాడే వంతెన, దీవుల మీద కాటేజీలు, బోట్లు, ఒడ్డున గుడారాలు. ఆ బొమ్మల్లో మేం వేటకు పోయే ఒక పుట్టి (గుండ్రటి బుట్టపడవ) గాని, ఆరేసిన వల గాని వెతికినా కనబడదు. తరతరాలుగా ఈ నీళ్ల మీద బతుకుతున్న బెస్త, ముదిరాజ్, గంగపుత్ర ఇండ్లు ఆ కట్టల కిందనే ఉన్నాయి. ఈ చెరువుల మీద వేట చేసే మేం పర్యాటకం వద్దని అనడం లేదు. జనం వస్తే చేప ఊళ్లోనే అమ్ముడుపోతుంది, దళారికి పోసే బాధ తప్పుతుంది. అయితే చెరువు అప్పటికే ఒక పనిచోటు. ఆ పనికి కావాల్సిన వేళ, ఒడ్డు, నీరు ఏవో ముందు రాసిపెట్టి, మిగిలినదాంట్లో రిసార్టులకూ బోట్లకూ చోటివ్వండని మేం అడుగుతున్నాం. ఇప్పుడు జరుగుతున్నది దీనికి తలకిందులుగా ఉంది.

ముందు వేళ సంగతి. వల పొద్దుగూకే ముందు కడతారు, తెల్లారేసరికి ఎత్తుతారు. పైతాడుకు థర్మోకోల్ ముక్కలు, అడుగుతాడుకు బరువులు కట్టడంతో వల నీళ్లలో గోడలా నిలబడుతుంది. పైతాడు నీటిమట్టానికి జానెడు లోతులో ఉంటుంది కాబట్టి బోటు నడిపే మనిషికి మసక వెలుతురులో అది కనబడదు. ఇంజను ఫ్యాను దాన్ని లాగేసిందంటే చేతికి తెగిన ముక్కలు మిగులుతాయి, అప్పటికి పడిన చేప పోతుంది. తెగిన ముక్క అడుగుకు చేరితే నైలాన్ కుళ్లదు, ఏళ్ల తరబడి చేపల్ని పట్టి చంపుతూనే ఉంటుంది. నష్టం మాకొక్కరికే అనుకోవద్దు. తాడు చుట్టుకున్న ఇంజను నడి చెరువులో ఆగిపోతే పిల్లాపాపలతో ఉన్నవాళ్లు గాలి ఎటు తోస్తే అటు పోవాల్సి వస్తుంది.

దీనికి ఖర్చులేని మందు ఉంది. బోట్లు ఉదయం 9 తర్వాతే నీళ్లలోకి దిగాలి, సాయంత్రం 5కల్లా ఒడ్డుకు చేరాలి. వల కట్టేవాళ్లు రెండు కొసలకూ మూరెడు కర్రకు రంగుగుడ్డ కట్టి నిలబెట్టాలి. బోటు దారిని ప్లాస్టిక్ డ్రమ్ములతో గీతలా గుర్తుపెట్టి, ఆ దారి దాటి వెళ్లనివ్వకూడదు. ఆ దారి ఎక్కడ వేయాలో గీసే రోజున మత్స్యకారుల సొసైటీ పెద్దల్ని పుట్టిలో కూర్చోబెట్టుకొని తిరగాలి. నీళ్లు నిండినప్పుడు ఏ బండ, ఏ మోడు ఎంత లోతులో మునిగి ఉందో ఎండకాలంలో దాని పక్కన నడిచినవాళ్లకే తెలుసు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటక బోటు మునిగినప్పుడు మన కడిపికొండవాళ్లూ అందులో ఉన్నారు. అక్కడ ముందుగా పడవలేసుకొని వెళ్లి దొరికినవాళ్లను ఒడ్డుకు చేర్చింది ఆ గట్టు మీది ఊరివాళ్లే. బోటు షికారు పెట్టే ప్రతి చెరువు దగ్గరా సొసైటీ నుంచి ఇద్దరు ఈతగాళ్లను జీతం మీద పెట్టుకోవడం షోకు కాదు, అవసరం.

ఇక నీళ్లు. బయటివాళ్లకు తెలియని చిక్కు ఇక్కడే ఉంది. చేపపిల్లను వానలు పడి చెరువు నిండాక వదులుతారు. ఎండకాలంలో ఎండిపోయే చెరువుల్లో 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్ల, ఏడాది పొడవునా నీళ్లుండే పెద్ద చెరువుల్లో 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్ల వేయాలి. పెద్ద చెరువులో వాలుగ, కొర్రమట్ట కాచుకొని ఉంటాయి. చిన్నపిల్లను వేస్తే వాటికి మేత వేసినట్టే. పిల్ల వచ్చిన సంచిని వెంటనే చింపి గుమ్మరించకూడదు. పొద్దున గాని సాయంత్రం గాని సంచిని కట్టిన మూతితోనే పావుగంట, ఇరవై నిమిషాలు చెరువు నీళ్లలో తేలనిచ్చి, లోపలి నీటి వేడి బయటి నీటి వేడికి సమానమయ్యాక మూతి విప్పి, కొంచెం కొంచెంగా చెరువు నీరు కలుపుతూ వదలాలి. అలలు తగలని వాలు ఒడ్డున వదలాలి. అలాంటి ఒడ్డునే బోటు స్టాండుకు తీసుకుంటే పిల్లను వదిలేందుకు రాళ్ల కట్టే గతి అవుతుంది, అక్కడ పిల్ల మొదటి రోజే దెబ్బతింటుంది.

వానకాలంలో వదిలిన పిల్ల అమ్మకానికి పనికొచ్చే చేపగా మారి వలకు చిక్కేది ఎండకాలంలోనే. యాసంగి పంటకు తూము తీసి నీళ్లు దిగినకొద్దీ చేప లోతట్టుకు చేరుతుంది. మార్చి నుంచి మే దాకా లాగే వలే ఏడాది కూడు. సెలవుల జనం వచ్చేదీ సరిగ్గా ఆ నెలల్లోనే. బోట్లు తిరగాలంటే నీళ్లు నిండుగా ఉండాలి, వల లాగాలంటే తగ్గాలి, ఆయకట్టు రైతుకు తూము తీయాలి. ముగ్గురి అవసరాలు మూడు దిక్కులకు లాగుతాయి. నీళ్లు ఆపిపెడితే లోతులో మా వల అడుగు అందదు. చేప పైనుంచీ కిందనుంచీ తప్పించుకుంటుంది. ఒక ఏడు పట్టని చేప మరుసటి ఏడు పెద్దదవుతుంది కదా అంటారు. అవుతుంది. కాని అంతలో మత్తడి దూకితే వాగులో కొట్టుకుపోయేది కూడా ఆ పెద్ద చేపే. అందుకే తూము తీసే తేదీలు సంక్రాంతికి ముందే రైతులు, నీటిపారుదల శాఖ, సొసైటీ, బోటు నడిపేవాళ్లు ఒకచోట కూర్చొని ఒప్పుకొని, కట్ట మీద బోర్డు రాయించాలి. ఎన్ని అడుగుల మట్టానికి నీళ్లు దిగితే బోట్లు ఆపాలో కూడా ఆ బోర్డు మీదే ఉండాలి.

ఒడ్డు గురించి ఇంకాస్త వివరంగా చెప్పాలి. రవ్వ, బొచ్చె నిలిచిన నీళ్లలో గుడ్లు పెట్టవు. వాటికి వరద నీటి పారుదల కావాలి, అందుకే ఏటా పిల్లను వేయాల్సి వస్తుంది. కొర్రమట్ట అట్లా కాదు. వానలు పడగానే ఒడ్డు పక్క మోకాలిలోతు నీళ్లలో, తుంగ మధ్య, నాచు మధ్య చోటు చేసుకొని గుడ్లు పెడుతుంది. తల్లీతండ్రీ అక్కడే కాపలా ఉంటాయి. ఎర్రటి పిల్లల గుంపు నీటి మీద ఉడుకుతున్నట్టు కదులుతుంటే వాటి జోలికి పోవద్దని మా దగ్గర చిన్నపిల్లలకు కూడా తెలుసు. మన రాష్ట్ర చేప ఇదే, మార్కెట్లో అన్నిటికన్నా ఎక్కువ ధర పలికేదీ ఇదే. ఒక్క రూపాయి పిల్ల ఖర్చు లేకుండా చెరువు తనంతట తాను ఇచ్చే చేప. కాటేజీ కిటికీలోంచి నీళ్లు బాగా కనబడాలని జేసీబీతో తుంగ పీకి, ఒడ్డును నిలువుగా కోసి, రాయి పేర్చి దీపాలు పెడితే పోయేది గడ్డి కాదు, ఈ చేప పురుడు పోసుకునే చోటు. అలంకారం తప్పదనుకుంటే నడిచే మేర పేర్చుకోండి, మిగతా ఒడ్డును వాలుగా, తుంగతోనే వదిలేయండి.

చెరువు నిండితే మునిగే శిఖం భూమిదీ ఇదే గోస. శిఖం పట్టా అంటే నీళ్లు దిగినప్పుడు దున్నుకునే హక్కు. మట్టి పోసి ఎత్తు పెంచే హక్కు కాదు, గోడ కట్టే హక్కు అసలే కాదు. కొనేవాళ్లకు ఈ తేడా చెప్పకుండా 'లేక్ వ్యూ' ప్లాట్లని అమ్ముతున్నారు. వరంగల్, హైదరాబాద్ నుంచి వచ్చి కొనేవాళ్లు రిజిస్ట్రేషన్ కాగితం ఒక్కటే చూసుకుంటున్నారు. ఊరి నక్షలో ఆ సర్వే నంబరు శిఖమా కాదా, నీటిపారుదల శాఖ పాతిన ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం) రాళ్లు దానికి ఎటువైపున్నాయి అన్నవి చూడకుండా బయానా ఇవ్వకండి. షెడ్యూల్డ్ ప్రాంతంలోని ఊరైతే 1/70 చట్టం కింద గిరిజనేతరుల పేరుకు ఆ భూమి మారదు. మంచి వానకాలంలో ఒక్కసారి వెళ్లి నిలబడితే నీళ్లు ఎందాక వస్తాయో కాగితం చూడకుండానే తెలుస్తుంది. కంచె వేసినవాళ్లు మొదట మూసేది చెరువులోకి దిగే బండ్లబాట. పుట్టి మోసుకొని ఫర్లాంగు చుట్టూ తిరిగిపోవాల్సి వచ్చినప్పుడు ముసలివాళ్లు వేట మానేస్తారు, పడుచువాళ్లు పక్క హోటల్లో బల్లలు తుడిచే పనికి కుదురుతారు. ఊరు మారడమంటే ఇట్లనే మొదలవుతుంది. కేరళలో ఫోర్ట్ కొచ్చి ఒడ్డున చీనావలలు చేపల కోసం కన్నా ఫొటోల కోసం నిలబడే రోజులు వచ్చాయి. రామప్ప దగ్గరి పాలంపేటకు, లక్నవరం దగ్గరి బుస్సాపూర్‌కు ఆ గతి పట్టకముందే మేల్కోవచ్చు.

రామప్ప గుడి 1213 నాటిది, 2021 జులైలో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. కేంద్రం కాపాడే కట్టడాలకు చట్టం ప్రకారం చుట్టూ 100 మీటర్లు కట్టడాలు నిషేధం, ఆపైన 200 మీటర్లు అనుమతితోనే. మంచిదే. మరి అదే కాకతీయుల నాటి చెరువుకు అట్లాంటి గీత ఏది? 2012 భవన నియమాల్లో 10 హెక్టార్లు దాటిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు వదలాలని ఉంది. కాని ఆ నియమాలు రాసింది పట్టణాలకూ మాస్టర్ ప్లాన్ ఉన్న చోట్లకూ. పర్యాటకం పేరుతో కట్టడాలు లేస్తున్న ప్రతి పల్లె చెరువుకూ ఆ 30 మీటర్ల కొలతే పెడుతూ జిల్లా కలెక్టర్లు ఉత్తర్వు ఇవ్వాలి. గుడి, ఊరు, చెరువు మూడూ కలిపి కట్టించినవాళ్ల పనిలో గుడిని ఒక్కదాన్నే కాపాడితే సగం పని చేసినట్టు కూడా కాదు.

మురుగు గురించి ఎవరూ మాట్లాడరు. మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు అన్నది ప్రభుత్వ ఇంజనీర్లు వాడే లెక్క. అందులో ఐదింట నాలుగు వంతులు మురుగవుతుంది. నూరుమంది బస చేస్తే రోజుకు పది వేల లీటర్లు దాటుతుంది. సెప్టిక్ ట్యాంకు, ఇంకుడుగుంత కట్టాం కదా అంటారు. వానకాలంలో చెరువు నిండి పక్క నేలంతా నీరు పట్టి ఉన్నప్పుడు ఆ గుంత ఇంకదు, నేల అడుగు నుంచి చెరువులోకే నడుస్తుంది. సబ్బు నీళ్లతో నాచు పెరుగుతుంది. పగలంతా ఆ నాచు ప్రాణవాయువు ఇస్తుంది, రాత్రంతా తానే పీల్చుకుంటుంది. మబ్బు పట్టిన రెండు మూడు రోజుల తర్వాత తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే కారణం ఇదే. పొద్దెక్కేసరికి తెల్లకడుపులు తేలుతాయి. విషం కలిపారని ఊళ్లో ఒకరి మీద ఒకరు పడతారు. దీవుల మీద బస ఉన్నచోట ఇంకో ప్రశ్న: ట్యాంకు నిండితే దాన్ని తోడే బండి నీళ్ల మీద నడవదు కదా, ఆ మడ్డిని ఎట్లా తీస్తున్నారు, ఎన్నాళ్లకోసారి తీస్తున్నారు? ఆ లెక్క రిసెప్షన్ గోడ మీద అతికించమని అడగండి. డబ్బు కట్టి ఉండేవాళ్లు అడిగితే జవాబు తొందరగా వస్తుంది.

చూడ్డానికి వచ్చేవాళ్లకు కొన్ని మాటలు. బీరు సీసా ఒడ్డున పగలగొట్టొద్దు. విసురు వల వేసే మనిషి ఉత్తకాళ్లతో బురదలో నిలబడతాడు, అడుగున గాజుపెంకు కనబడదు. చిప్స్ కవర్లు తూము జాలీకి అడ్డం పడితే పొలాలకు నీళ్లు ఆగుతాయి. చేప తినాలనుకుంటే మధ్యాహ్నం కాదు, పొద్దున 7 నుంచి 9 లోపు కట్ట మీదికి రండి. వల ఎత్తి తెచ్చేది అప్పుడే. మొప్పలు ఎర్రగా, కన్ను ఉబ్బి తేటగా, వేలితో నొక్కితే కండ మళ్లీ పైకి లేవాలి. తూకం కోయకముందే వేయించుకోండి, కోతకూలి విడిగా అడగండి. కట్ట మీద బండి పెట్టినంత మాత్రాన దాంట్లో ఫ్రై అయ్యేది ఆ చెరువు చేప కాదు. కైకలూరు, ఆకివీడు వైపు నుంచి ఐసు పెట్టెల్లో వచ్చే పెంపకం చేప ఇక్కడిదాకా వస్తుంది. పొలుసు లేకుండా, కొవ్వెక్కువగా, తెల్లటి కండతో, సన్నముళ్లు లేకుండా ఉంటే అది పంగాస్. మంచిదే కావచ్చు, కాని చెరువు చేప ధర దానికి ఇవ్వకండి. సన్నముళ్లు చూసుకొని తినాల్సి వస్తుందంటే అది పంగాస్ కాదు, రవ్వ అయ్యే వీలుంది.

మా వైపు తప్పులు కూడా చెప్పాలి. దోమతెర వలతో గోరంత పిల్లను కూడా ఊడ్చేసేవాళ్లు మాలో ఉన్నారు. గుడ్ల నెలల్లో కొర్రమట్టను గూటి మీదే కొట్టేవాళ్లూ ఉన్నారు. సొసైటీలు వాళ్లను ఆపలేకపోతే బోటువాళ్ల మీద వేలెత్తే హక్కు తగ్గుతుంది. సభ్యత్వానికి వల విసరడం, వల కట్టడం, ఈత పరీక్ష పెడతారు సరే, వల కన్ను సైజు తనిఖీ కూడా ఏటా పెట్టుకోవాలి.

బోటు టెండర్లు మళ్లీ పిలిచే వేళకు రెండు షరతులు చేర్చమని జిల్లా యంత్రాంగాన్ని కోరుతున్నాం. టికెట్టు వసూళ్లలో ఇంత వంతు ఆ చెరువు సొసైటీ ఖాతాలో పడాలని, ఆ వంతు ఎంతో కట్ట మీద బోర్డుపై రాయాలని ఒకటి. బోటు తగిలి తెగిన వలకు నెల లోపల కొత్త వల ఇవ్వాలని రెండోది. పెట్రోలు ఇంజన్లలో పాత రెండు స్ట్రోకులవి కాల్చని నూనెను నీళ్లలోకే వదులుతాయి. వాటి బదులు బ్యాటరీ బోట్లు గాని, నాలుగు స్ట్రోకులవి గాని పెట్టాలన్న షరతును ఆ రెంటితో కలిపి చేర్చినా సంతోషమే. ఈ ఎండకాలం తూము తీసే తేదీలు ఇంకా ఏ బోర్డు మీదా రాలేదు.

ఇట్లు,
ములుగు, వరంగల్ జిల్లాల చెరువుల మీద వేట చేసే కొందరం, వాళ్ల సొసైటీ లెక్కలు రాసే మరికొందరం